తాడు పట్టే బావమరిది

శోణపురి రాజ్యానికి పడమటి దిక్కున గరుడగండి అనే మహాలోయ ఉంది. దాని అంచున నిలబడి కిందికి చూసినవాడికి ముందు కళ్లు తిరుగుతాయి, ఆ తర్వాత ఇలవేల్పు గుర్తుకొస్తుంది. నిలువునా చెక్కేసినట్టుండే కుంకుమరంగు రాతిగోడ. దాని మీద నల్లటి నీటిచారలు, చారల నడుమ పచ్చటి నాచు. అడుగున శోణానది వెండితీగలా మెరుస్తూ కనిపిస్తుందే కాని దాని హోరు పైదాకా రాదు. ఆ గోడలో, అంచునుంచి ముప్ఫై బారల లోతున, ఒక గుహ నోరు తెరుచుకుని ఉంటుంది. గుమ్మానికి తోరణాలు కట్టినట్టు ఆ గుహ నోటిపైన ఏడు తేనెతుట్టెలు. ఒక్కొక్కటీ తేరుచక్రమంత. వాటిమీద ముసిరిన ఈగ ఒక్కొక్కటీ పిచ్చుకంత. మాంత్రికుడు ధూమ్రకేశుడు మంత్రించి పెంచిన ఈగలవి.

ఆ గుహలో ఇప్పుడు శోణపురి మహామంత్రి తర్కభూషణుడు కూర్చుని ఉన్నాడు.

ఆయన సరదాపడి వెళ్లలేదు. తెల్లవారుతూనే మేడమీద సూర్యనమస్కారాలు చేసుకుంటూ ఉండగా, ధూమ్రకేశుడి గండభేరుండం రివ్వున దిగి ఆయన్ని పట్టు ఉత్తరీయంతో సహా తన్నుకుపోయింది. రెండు తలల పక్షి అది. ఒక తల దారి చూసుకుంటూ ఉంటే, రెండో తల మంత్రిగారి కేకలు వింటూ పోయిందట. కోటలోకి దారితీసే రహస్య సొరంగం ఎక్కడ మొదలవుతుందో ఆ రాజ్యంలో ఆయన ఒక్కడికే తెలుసు. ఆయనకి తెలుసన్న సంగతి మాంత్రికుడికి తెలుసు. ఆయన్ని గుహలో దించి, యజమానిని వెంటబెట్టుకు రావడానికి పక్షి మళ్లీ పడమటి కొండలకేసి ఎగిరిపోయింది. అది తిరిగొచ్చిందంటే శోణపురి పని అయిపోయినట్టే.

మధ్యాహ్నంలోగా ముగ్గురు భటులు గండిలోకి దిగారు. పొగపెడితే తేనెటీగ పారిపోతుందని మైదానం వాళ్ల నమ్మకం. అందుకని కాగడాలు పట్టుకుని మరీ దిగారు. ఈ ఈగలు పుట్టిందే పొగలో అని పాపం వాళ్లకేం తెలుసు! పైకి లాగేసరికి ముగ్గురూ గుమ్మడికాయల్లా ఉబ్బిపోయారు. ఎవరు ఎవరో తోటి భటులే పోల్చుకోలేకపోయారు.

కోట దళపతి వజ్రబాహుడు అంచు వెంట బోనులో పులిలా తిరుగుతున్నాడు. ఇరవయ్యేళ్లవాడు, కొండని పిండిచేసే చేతులు. కోపమొచ్చినప్పుడల్లా మీసం మెలెయ్యబోతాడు కాని, అందుకు తగినంత మీసం ఇంకా రాలేదు. “ఇంకెవరు దిగుతారు?” అని గర్జించాడు. భటులందరికీ ఒక్కసారిగా తమ చెప్పుల వార్లు సరిచూసుకోవలసిన అవసరం వచ్చింది.

“నేను దిగుతానండీ,” అని వెనకనుంచి ఒక గొంతు వినిపించింది.

ముందుకు వచ్చినవాడు కోనప్ప. పొట్టిగా, బక్కగా, భుజాన తీగతాడు చుట్ట వేసుకుని ఉన్న పాతికేళ్లలోపు యువకుడు. కొండల అవతల గండుకోన అతని దేశం. అక్కడి వాళ్లు కొండగట్ల మీద తేనె తీసి బతికేవారు. ధూమ్రకేశుడి ఈగల్ని లొంగదీయగలిగింది భూమ్మీద వాళ్లొక్కరే. అందుకే ఆ మాంత్రికుడు కోనని పొగలో ముంచేసి, గండుకోన పుట్టుక పుట్టినవాడిని ఒక్కణ్ణీ బతకనివ్వనని ఒట్టు పెట్టుకున్నాడు. కోనప్ప భుజం మీద ఆ తాడుతో తప్పించుకుని, ఎలాగో శోణపురి చేరాడు.

శోణపురిలో పరదేశికి నూరు దినాల ఆశ్రయం ఇస్తారు. నూరోరోజు పొద్దు గుంకేలోగా ఊరివాడెవడైనా ముందుకొచ్చి, “ఇతడు మా వాడు, పూచీ నాది,” అనాలి. అనకపోతే పడమటి ద్వారం దాటించి పంపేస్తారు. ద్వారం అవతల ఎవరు కాచుకుని ఉన్నారో కోనప్పకి బాగా తెలుసు. ఈ నూరు రోజుల్లో అతను చేయని పని లేదు, కుదిరిన పనీ లేదు. కుమ్మరి దగ్గర చేరితే కుండలు వంకరపోయాయి. సాలె మగ్గం ముందు కూర్చుంటే బట్ట వలలా తయారైంది. ఏనుగుల శాలలో ఏనుగు ఎక్కడం వచ్చింది, దిగడం వచ్చింది. మధ్యలో దాన్ని నడిపించడమే రాలేదు. “నీ వల్ల కాదులే నాయనా,” అని అందరూ మర్యాదగానే పంపించారు. ఆ మర్యాద అతన్ని తిట్టుకంటే ఎక్కువ బాధపెట్టింది.

ఇవాళ నూరోరోజు.

వజ్రబాహుడు అతన్ని ఎగాదిగా చూశాడు. “దిగడం వచ్చా నీకు?”

“ఎక్కడం, దిగడం తప్ప నాకింకేమీ రాదండీ. ఆ సంగతి ఊరంతటికీ తెలిసిపోయింది.”

“సరే, తాడు ఇటు తే. పదిమంది పట్టుకుంటాం.”

కోనప్ప తాడు ఇవ్వలేదు. “పదిమంది పట్టకూడదు దళపతీ. నేను వదిలినా ఇంకా తొమ్మిదిమంది ఉన్నారులే అని ప్రతివాడూ అనుకుంటాడు. ఒక్కడే పట్టాలి.”

“అయితే నేనే పడతాను.”

“మీరు పట్టడానికి లేదండీ.”

వజ్రబాహుడి చెయ్యి లేని మీసం మీదికి పోయింది. “ఏం? నా చేతులు చాలవా?”

“మా కోనలో తాడు పట్టేవాడు భార్య తోడబుట్టినవాడై ఉండాలి. బావమరిది తప్ప ఇంకొకడు తాడు ముట్టడు. వదిలితే తన తోడబుట్టినదాని బొట్టే చెరిగిపోతుంది కనక, ఏమైనా సరే వదలడు.”

భటుల్లో ఎవడో కిసుక్కున నవ్వాడు. దళపతి అటు ఒక్క చూపు చూసేసరికి ఆ నవ్వు దగ్గుగా మారింది. “నీకు పెళ్లి కాలేదు కదయ్యా! బావమరిది ఎక్కణ్ణుంచి ఊడిపడతాడు?”

“అదే నా బాధండీ,” అన్నాడు కోనప్ప. “మా మేనమామ జ్వరంతో పడుకున్నాడని, మా నాన్న ఒకసారి పొరుగింటాయన చేత తాడు పట్టించాడు. ధూమ్రకేశుడి పొగ కోనలోకి వచ్చింది ఆ రోజే. ఆయన మంచివాడేనండీ. పొగ చూసి భయపడ్డాడు, అంతే.”

ఎవరూ ఇంక నవ్వలేదు. పొద్దు మాత్రం తన మానాన తాను పడమటికి దిగిపోతోంది.

అప్పుడు విలుకాండ్ర నాయకురాలు తారావళి ముందుకు వచ్చింది. దళపతికి ఏడాది పెద్దదైన అక్క. ఊరంతా దళపతికి భయపడుతుంది, దళపతి ఈవిడకి భయపడతాడు. “తమ్ముడూ, తాడు అందుకో,” అంది.

“వద్దంటున్నాడు కదక్కా!”

“ఇప్పుడు అనడు.” ఆమె కోనప్ప వైపు తిరిగింది. “గండుకోన అబ్బాయీ, సూటిగా అడుగుతున్నాను, సూటిగా చెప్పు. నేనంటే నీకిష్టమేనా?”

“అక్కా!” అన్నాడు వజ్రబాహుడు.

“నువ్వుండు.”

కోనప్ప చెవులు గండిరాయి కంటే ఎర్రబడ్డాయి. కోటగోడ పగుళ్లలో ఇరుక్కున్న ఆమె బాణాల్ని రోజూ పొద్దున్నే ఎక్కి తీసుకొచ్చి ఇచ్చేవాడు అతను. “ఇష్టమేనండీ,” అన్నాడు. “బాణాలు నిచ్చెన వేసుకుని కూడా తీయొచ్చు. తొంభై రోజులు గోడ పట్టుకునే ఎక్కాను.”

“నేను తొంభై రోజులూ గురి వదిలేసి గోడకే వేశాను,” అంది తారావళి.

“గురి తప్పుతోందని నీకు మూడు కొత్త విల్లులు చేయించానే!” అని దళపతి నోరు వెళ్లబెట్టాడు.

కోనప్ప గుండె ఎక్కడో తప్పిపోయి మళ్లీ చోటికి వచ్చింది. అయినా చెప్పవలసింది చెప్పాలి కదా. “అమ్మాయిగారూ, మా కోనలో దిగేవాడి నడుముకి ముడి వేసేది పెళ్లాం కాబోయే పిల్ల. ఆ ముడి ఉత్తుత్తిగా వేయరు.”

“మా ఊళ్లో కూడా నలుగురి ముందు అన్న మాట ఉత్తుత్తిది కాదు. చెయ్యెత్తు.”

అతను చెయ్యెత్తాడు. ఆమె తాడు నడుముకి చుట్టి, వింటినారి కట్టేవాళ్లు వేసే ముడి ఒకటి బిగించి వేసింది. రెండో కొస తెచ్చి తమ్ముడి చేతిలో పెట్టింది.

“పొద్దున లేచి ఎవరి మొహం చూశానో!” అని వజ్రబాహుడు పళ్లు నూరాడు. తాడుని బండకొమ్ముకి ఒక చుట్టు వేసి, కాళ్లు తన్నిపట్టి కూర్చున్నాడు. “పైకి రా, చెప్తాను నీ సంగతి!”

“పైకి రమ్మన్నారు, నాకదే చాలు,” అని కోనప్ప నవ్వి, ఒంటికి నిమ్మగడ్డి నలిపి రాసుకుని, అంచు దాటాడు.

గోడ మీద కాలు పెట్టిన మరుక్షణం అతనికి ప్రాణం లేచొచ్చింది. ఈ నూరు రోజులూ చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియని మనిషి, ఇప్పుడు ఏ వేలు ఏ పగుల్లో పెట్టాలో చూడకుండానే చెప్పగలడు. ఈగల రొద దగ్గరపడింది. ఏడు తుట్టెలూ ఏడు నల్లమబ్బుల్లా కదిలాయి. కోనప్ప తొందరపడలేదు. గండుకోన వాళ్లకి తేనెగట్టు అంటే అత్తవారిల్లు. అత్తవారింటికి చెప్పకుండా ఎవరైనా వెళతారా? నిదానంగా పాట ఎత్తుకున్నాడు.

“అత్తో అత్తో తేనెలత్తో, అల్లుడొచ్చాడే,
కాళ్లకు నీళ్లొద్దు, పీట వాల్చొద్దు, కాస్త జరగవే!
ఏడిళ్ల సొమ్ములో చుక్కైన వద్దే,
మూల కూర్చున్న ముసలాయన్నిస్తే ముచ్చటగా పోతానే!”

పిచ్చుకంత ఈగలు వచ్చి అతని భుజాల మీద వాలాయి, మెడ మీద పాకాయి, మొహం వాసన చూశాయి. ఒక్కటీ కుట్టలేదు. మంత్రించినా మాయచేసినా, ఈగ ఈగే. పాట పూర్తయ్యేసరికి గుహ నోటి దగ్గర దారి ఇచ్చి తప్పుకున్నాయి.

లోపల తర్కభూషణుడు రాతిమీద మఠం వేసుకుని కూర్చున్నాడు. “ఎవరు నువ్వు? ఎవరి ఆజ్ఞ మీద వచ్చావు?” అని అడిగాడు.

“కోనప్పనండీ, పరదేశిని. మిమ్మల్ని తీసుకుపోవడానికి వచ్చాను.”

“పరదేశివా? నూరు దినాల శాసనం కిందికి వచ్చినవాడివేనా? అది నేను రాసిందే. ఎన్నో రోజు నీకు?”

“ఆఖరిరోజండీ.”

“అయ్యో!” అన్నాడు మంత్రి మనస్ఫూర్తిగా. “చాలా కట్టుదిట్టంగా రాశాను నాయనా. ఎక్కడా సందు లేదు.”

కోనప్ప తన నడుం తాడు విప్పి ఆయనకి కట్టాడు. తాడు ఒక్క మనిషినే మోస్తుంది, అదీ మంత్రిగారంతటి మనిషయితే దానికీ కష్టమే. ఈగలకి అరుపులు గిట్టవు కనక నోరు మెదపవద్దని చెప్పాడు. ముప్ఫై ఏళ్లుగా సభలో తననెవరూ నోరు మూసుకోమనలేదని ఆయన చెప్పడం మొదలుపెట్టాడు. ఇంతలో పైనుంచి వజ్రబాహుడు లాగాడు. మహామంత్రి ఉత్తరీయం కొస నోట్లో కుక్కుకుని, కళ్లు గట్టిగా మూసుకుని, తుట్టెల నడుమనుంచి ఊగుతూ పైకి వెళ్లిపోయాడు.

కోనప్ప ఒంటరిగా మిగిలాడు.

కావలసిన మనిషి వాళ్లకి దక్కాడు. ఇంక తాడు మళ్లీ కిందికి వదలడానికి వాళ్లకి అవసరమేముంది? కుండ చేయలేనివాడు, బట్ట నేయలేనివాడు, ఇంకో రెండు గడియల్లో ఊరినుంచి పంపేయవలసినవాడు. ఆ మాట తోచిన క్షణంలోనే గండి మీద పెద్ద నీడ పడింది. రెండు తలలూ ఒక్కసారి అరిచిన అరుపుకి రాతిగోడ దద్దరిల్లింది. మాంత్రికుడి పక్షి, యజమాని కంటే ముందుగానే తిరిగొచ్చింది!

పైన కేకలు. డాళ్లు రాళ్ల మీద పడ్డ చప్పుడు. కాళ్ల పరుగులు, అవీ దూరంగా పోతున్న పరుగులు. ఎవడిదో శిరస్త్రాణం ఒకటి గుహ ముందునుంచి దొర్లి అగాధంలోకి పోయింది. తుట్టెల మీద ఈగలు కోపంగా హోరుమన్నాయి. తాడు రాలేదు. కోనప్ప అంచున కూర్చుని మెడ వెనక్కి వాల్చి చూస్తున్నాడు. పట్టినవాడు మంచివాడే, పక్షిని చూసి భయపడితే ఎవరిది తప్పు? కళ్లు మూసుకున్నాడు.

“బావా!”

కోనప్ప ఉలిక్కిపడ్డాడు.

“బావా, నిన్నే! తాడు వస్తోంది, పట్టుకో!”

నూరు రోజుల్లో ఆ ఊళ్లో అతన్ని పరదేశీ అన్నారు, అబ్బాయీ అన్నారు, ఓయ్ అన్నారు. వరస పెట్టి పిలిచినవాడు ఒక్కడూ లేడు. తాడు వచ్చి గుహ ముందు వేలాడింది. దాని మీద తడి నెత్తురు మరకలున్నాయి. కోనప్ప దాన్ని నడుముకి బిగించుకుని గోడ మీదికి ఉరికాడు.

సగం దూరం ఎక్కేసరికి గండభేరుండం అతన్ని చూసింది. రెక్కలు ముడిచి, రాయి పడ్డట్టు మీదికి దూకింది. పైనుంచి తారావళి వేసిన బాణం దాని ఎడమ తల కంటిలో దిగబడింది. అది గిలగిల్లాడి పక్కకి వాలడంలో రెక్క పోయి ఒక తేనెతుట్టెని చీల్చేసింది. ఇంకేముంది! ఏడు తుట్టెల ఈగలూ ఒక్కుమ్మడిగా లేచాయి. మాంత్రికుడి పక్షి అయితేనేం, ఇంకొకటైతేనేం, వాటికి తేడా ఏముంది? ఇల్లు కూల్చినవాడి మీద పడ్డాయి. పక్షి రెండు గొంతులతో ఏడుస్తూ, ఒంటినిండా ఈగల దుప్పటి కప్పుకున్నట్టు, పడమటికి ఎగిరిపోయింది. కోనప్ప రాతికి బల్లిలా అతుక్కుని, ఊపిరి బిగబట్టి, ఆ హోరు పోయేదాకా కదల్లేదు. నడుం దగ్గర తాడు బిగువు ఒక్క క్షణం కూడా సడలలేదు.

అంచు ఎక్కి చూస్తే అక్కడ ముగ్గురే ఉన్నారు. భటులు ఎప్పుడో కాలికి బుద్ధి చెప్పారు. వజ్రబాహుడు బండకి వీపు ఆనించి కూర్చుని ఉన్నాడు. తాడు నడుం చుట్టూ మూడు చుట్లు వేసుకున్నాడు. కుడి భుజం మీద పక్షి గోరు చీరిన గాయం, అరచేతుల్లో తోలు లేదు. తారావళి అతనికి అడ్డంగా నిలబడి ఉంది. అమ్ములపొదిలో ఒక్క బాణం మిగిలింది. మహామంత్రి బోర్లించిన డాలు కింద తాబేలులా ముడుచుకుని ఉన్నాడు.

కోనప్ప నేలమీద కూలబడి భోరుమన్నాడు. నూరు రోజుల బెంగంతా ఒక్కసారే కట్టలు తెంచుకుంది. ఎవరు చూస్తున్నారని కూడా చూసుకోలేదు.

“దెబ్బ తగిలింది నాకు, ఏడుపు నీదా!” అన్నాడు వజ్రబాహుడు. అన్నాడే కాని అతని కళ్లూ తడిగానే ఉన్నాయి. తారావళి వచ్చి కోనప్ప పక్కన కూర్చుని, తన తలపాగా చించి తమ్ముడి భుజానికి కట్టుకడుతూ, మోచేత్తో ఇతన్ని ఆనుకుంది. ఆ మోచెయ్యి అక్కణ్ణుంచి తీయలేదు.

డాలు కిందనుంచి మంత్రిగారి తల బయటికి వచ్చింది. “పొద్దు గుంకడానికి ఇంకా గడియన్నర ఉంది. ఈ పరదేశికి పూచీ ఎవరు?”

“ఇతడు మా వాడు,” అన్నాడు వజ్రబాహుడు. “పూచీ నాది.”

“కుడిచెయ్యి ఎత్తి చెప్పాలని శాసనం.”

“మిమ్మల్ని ఎత్తుకుపోయిన పక్షి నా కుడిభుజమే చీల్చింది మహామంత్రీ!”

తర్కభూషణుడు గడ్డం నిమురుకుని కాసేపు ఆలోచించాడు. “ఎడమచెయ్యి కూడా చెల్లుతుంది. ఇప్పుడే సవరించాను.”

వజ్రబాహుడు ఎడమచెయ్యి ఎత్తాడు. అంతే. కోనప్ప శోణపురి వాడైపోయాడు. గుండెల మీదనుంచి గండి మొత్తం దిగిపోయినట్టయి, అతను మొట్టమొదటిసారి ఆ దేశం గాలిని నిండుగా పీల్చాడు.

మంత్రిగారు మళ్లీ దగ్గారు. “ఒక చిన్న చిక్కు మిగిలింది. పొద్దుటినుంచీ గుహలో ఊరికే కూర్చున్నానా... ఏ సంగతైనా రాసిపెట్టుకోవడం నాకు చిన్నప్పటినుంచీ అలవాటు. మరిచిపోతానేమోనని సొరంగం దారి పటం గుహ గోడ మీద గీశాను. ఎర్రరాయితో. చాలా స్పష్టంగా వచ్చింది.”

ముగ్గురూ ఆయన వంక చూశారు. తర్వాత పడమటికి చూశారు. అక్కడ కొండల వెనకనుంచి నల్లటి పొగస్తంభం ఒకటి లేచి, గాలికి ఎదురు తిరిగి, గరుడగండి వైపే నడిచి వస్తోంది. పక్షి లేకపోయినా ధూమ్రకేశుడు స్వయంగా బయలుదేరాడు.

“ఈగలన్నీ పక్షి వెంట పోయాయి. ఇదే అదను, ఆ పటం చెరిపేసి వస్తాను,” అంటూ కోనప్ప లేచాడు. అతని చూపు వజ్రబాహుడి చేతుల మీద పడి ఆగింది.

వజ్రబాహుడు ఆ చూపు కనిపెట్టాడు. “చేతులు రెండూ ఊడిపోతే పళ్లతో పడతాను. నువ్వు దిగు బావా, పొగ వచ్చేస్తోంది!” అని నెత్తుటి అరచేతులకి మన్ను రాసుకుని తాడు నడుముకి చుట్టుకున్నాడు. తారావళి చివరి బాణం వింట సంధించింది.

గండుకోనలో గట్టు దిగేవాడు ఎవడైనా సరే, అంచు దాటే ముందు తాడుని మూడుసార్లు గుంజి చూసుకుంటాడు. కోనప్ప గుంజి చూడలేదు. పరుగెత్తుకుంటూ వెళ్లి గండిలోకి దూకేశాడు.